మూడో పుట్టినరోజు లోపల

(ఉత్తర టెక్సస్‌లో ఒక పబ్లిక్ లైబ్రరీ హాల్లో తెలుగు తల్లిదండ్రుల కోసం చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారమండీ. వెనక వరసకి వినపడుతోందా? సరే. పిల్లల్ని తీసుకురావద్దని గ్రూపులో ఎవరో మెసేజ్ పెట్టారట. నేను పెట్టలేదు. తెచ్చినవాళ్ళు నిశ్చింతగా కూర్చోండి, వాళ్ళు అరిచినా గెంతినా నాకు అడ్డం కాదు. రోజూ వాళ్ళ మధ్యనే నా ఉద్యోగం. పక్క గదిలో కూచిపూడి క్లాసు ఉంది. మధ్యమధ్య గజ్జెల చప్పుడు వస్తుంది, అదొక్కటీ ఓర్చుకోండి.

నాది తెనాలి. ఇక్కడికొచ్చి పదహారేళ్ళయింది. ఒక ఐఎస్‌డీలో, అంటే ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్టులో, స్పీచ్ థెరపిస్టుగా ఆరేళ్ళ నుంచి చేస్తున్నా, ఎక్కువగా మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలతో. ఇవాళ మాట్లాడేది ఆ డిస్ట్రిక్టు తరఫున కాదు. లాయర్ని కూడా కాను. బల్లకి ఆ పక్కన తల్లిగా కూర్చున్నా, ఇప్పుడు ఈ పక్కన ఉద్యోగిగా కూర్చుంటున్నా. మాటలు ఆలస్యమైన పిల్లలకీ వైకల్యమున్న పిల్లలకీ బడి ఇవ్వాల్సిన సాయం, అంటే స్పెషల్ ఎడ్యుకేషన్, ఎలా అడగాలో రెండు వైపుల నుంచీ చూసిన సంగతులు చెబుతాను.

ముందు, డిస్ట్రిక్టు అంటే మన జిల్లా అనుకోకండి. కలెక్టరుకీ దీనికీ సంబంధం లేదు. స్కూల్ డిస్ట్రిక్టుకి దాని బోర్డు వేరు, ఆ బోర్డుకి ఎన్నికలు వేరు, పన్ను వేసే అధికారం వేరు. మీ ఇల్లు ఒక ఊళ్ళో ఉండి, మీ పిల్లలు వెళ్ళే బడి పక్క ఊరి పేరున్న ఐఎస్‌డీది కావచ్చు. ప్లేనోలో ఇల్లు కొనుక్కుని ఫ్రిస్కో ఐఎస్‌డీకి పంపేవాళ్ళు ఈ గదిలోనే ఉండి ఉంటారు. ఇంటి పన్ను బిల్లు తీసి చూడండి, అందులో పెద్ద గీత ఐఎస్‌డీదే. అద్దెకున్నవాళ్ళ పన్ను అద్దెలో కలిసిపోయి ఉంటుంది. కాబట్టి అక్కడికి ఏదైనా అడగడానికి వెళ్ళినప్పుడు చేతులు నలుపుకోనక్కర్లేదు. వాళ్ళు దయతలిచి ఇచ్చేది కాదు అది.

ఇప్పుడు మా ఇంటి కథ చెబుతా. దాంట్లోనే సగం విషయం ఉంది.

మా వాడు 2012 జూన్‌లో పుట్టాడు. రెండేళ్ళు నిండేసరికి ఐదో ఆరో మాటలు. రెండున్నరకి పది. పిలిస్తే పలకడు, ఫ్యాన్ తిరుగుతుంటే మాత్రం గంటసేపు చూస్తాడు. నాకు అనుమానం ఉంది. కానీ మనిళ్ళలో అనుమానానికి ఎన్ని జవాబులు సిద్ధంగా ఉంటాయో మీకు తెలుసు. మగపిల్లలకి మాటలు ఆలస్యం. వాళ్ళ నాన్నకి నాలుగేళ్ళకి గానీ రాలేదు. ఇంట్లో ఒక భాష, బయట ఇంకో భాష, పిల్లాడు తికమక పడుతున్నాడు. నాలిక మీద తేనె రాయండి. మా అత్తగారు తిరుపతిలో ఏదో మొక్కు కూడా మొక్కుకున్నారు. ఎవరినీ తప్పు పట్టట్లేదు. ఆ మాటలన్నీ నాకు భయం తగ్గించడానికి అన్నవే. భయం తగ్గింది, నెలలు కూడా తరిగిపోయాయి.

2015 మే నెలలో, మూడు నిండడానికి నెల ముందు, వాడిని పరీక్షించమని అడగడానికి డిస్ట్రిక్టు ఆఫీసుకి ఫోన్ చేశాను. అప్పుడు హెచ్-4 మీద, అంటే భర్త ఉద్యోగ వీసాతో వచ్చే వీసా మీద ఉన్నా, ఇంట్లోనే. ఫోనెత్తినావిడ చాలా మర్యాదగా మాట్లాడింది. "ఇంకా చిన్నవాడే కదా, సెలవులు కానివ్వండి, ఆగస్టులో చూద్దాం" అంది. నేను థాంక్యూ అని పెట్టేశా. ఆగస్టులో వెళ్ళి అడిగితే నేను ఫోన్ చేసినట్టు ఎక్కడా లేదు. ఎవరు మాట్లాడారో నాకు పేరు తెలియదు, తేదీ గుర్తులేదు. అప్పుడు లైబ్రరీలో పరిచయమైన ఒక అమెరికన్ తల్లి చెప్పింది: కాగితం మీద పెట్టు, తేదీ వెయ్యి. బడి తెరిచిన వారమే ఉత్తరం రాసిచ్చా. అక్కడి నుంచి అంతా చట్టంలో ఉన్నట్టే జరిగింది. జవాబుకి పదిహేను బడి రోజులు, పరీక్షలకి నలభై ఐదు బడి రోజులు, ఆ పైన మీటింగుకి ముప్పై రోజులు. లెక్క వేసుకోండి. డిసెంబరు మధ్యలో మీటింగు, జనవరిలో క్లాసు. మేలో ఫోన్, జనవరిలో క్లాసు. ఎనిమిది నెలలు. మూడేళ్ళవాడి జీవితంలో ఎనిమిది నెలలంటే, నలభై ఏళ్ళ మనిషికి తొమ్మిదేళ్ళ లెక్క.

వాళ్ళు రూల్ తప్పారా? ఉత్తరం అందాక ఒక్కరోజు కూడా తప్పలేదు. అదే నేను చెప్పదలచుకున్నది. ఈ వ్యవస్థ గడియారం మీద నడుస్తుంది, ఆ గడియారానికి కీ ఇచ్చేది మన కాగితం. టెక్సస్‌లో రాతపూర్వకంగా అడిగితేనే ఆ పదిహేను రోజుల గడువు మొదలవుతుంది. నోటితో అడిగినా పిల్లల్ని వెతికి పట్టుకోవలసిన బాధ్యత వాళ్ళకి ఉంటుంది, దాన్ని చైల్డ్ ఫైండ్ అంటారు. కానీ గడువు ఉండదు. గడువు లేని బాధ్యత ఎలా ఉంటుందో మన ఊరి ఆఫీసులు చూసినవాళ్ళకి చెప్పాలా?

ఇంకో సంగతి కూడా చెప్పి ముందుకెళతా. 2004లో టెక్సస్ విద్యాశాఖ ఒక సూచిక పెట్టింది. ఏ డిస్ట్రిక్టులో అయినా స్పెషల్ ఎడ్యుకేషన్‌లో ఉన్న పిల్లలు 8.5 శాతానికి మించితే అది ఆడిట్లో ఎత్తిచూపే విషయం. దేశమంతా సగటున 13 శాతం ఉంటే ఇక్కడ ఏడాదికేడాది తగ్గుతూ సరిగ్గా ఆ 8.5 దగ్గరికే వచ్చి ఆగింది. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక దీన్ని బయటపెట్టింది. 2017లో శాసనసభ అలాంటి పరిమితి పెట్టకూడదని చట్టం చేసింది. 2018 జనవరిలో, టెక్సస్ చట్టాన్ని ఉల్లంఘించిందని ఫెడరల్ విద్యాశాఖ తేల్చింది. ఆ పేపరు చదివిన రోజు నాకు ఆ ఫోన్ గుర్తొచ్చింది. నాకు జరిగినదానికి కారణం అదేనని చెప్పలేను. ఆవిడకి నిజంగానే సెలవుల హడావుడి అయ్యుండచ్చు. కానీ "ఆగండి, చూద్దాం" అన్న మాట ఎవరు మర్యాదగా అన్నా, అప్పటి నుంచి నేను ఉలిక్కిపడతాను.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతా. వైకల్యమున్న పిల్లల చదువు కోసం చేసిన ఫెడరల్ చట్టం, దాని పేరు ఐడియా (ఇండివిజువల్స్ విత్ డిజెబిలిటీస్ ఎడ్యుకేషన్ యాక్ట్). మన పాత ఫోన్ కంపెనీ కాదు. మొదటి రూపం 1975లో వచ్చింది. అంతకుముందు ఈ దేశంలో పది లక్షల మంది పిల్లల్ని వైకల్యం పేరుతో బడి గడప తొక్కనివ్వలేదని ఆ చట్టం చేస్తూ కాంగ్రెస్సే రాసుకుంది. పెన్సిల్వేనియాలోనూ వాషింగ్టన్ డీసీలోనూ తల్లిదండ్రులు కోర్టులకెక్కి గెలిచారు, ఆ వేడిలో వచ్చిన చట్టమిది. ప్రెసిడెంట్ ఫోర్డ్ నవంబరు 29న సంతకం పెడుతూనే, ఇవ్వగలిగినదానికంటే ఎక్కువ మాట ఇస్తున్నామని సణిగాడు. ఆ సణుగుడులో నిజం లేకపోలేదు. ఒక్కో విద్యార్థి మీద దేశంలో అయ్యే సగటు ఖర్చులో 40 శాతం దాకా ఇస్తానన్న ఫెడరల్ ప్రభుత్వం ఇంతవరకూ ఒక్క ఏడాదీ అంత ఇవ్వలేదు. మిగతాది రాష్ట్రం, డిస్ట్రిక్టు మోయాల్సిందే. మీరు అడిగినప్పుడల్లా అవతలి వాళ్ళ మొహంలో కనపడే ఆ చిన్న నీరసం అక్కడి నుంచి వచ్చిందే. ఆ నీరసం వాళ్ళ సమస్య. 2022-23లో దేశం మొత్తం మీద 75 లక్షల మంది పిల్లలు, అంటే బడి పిల్లల్లో దాదాపు 15 శాతం, ఈ చట్టం కింద చదువుతున్నారు. మీ పిల్లాడు ఒక్కడే అనుకోకండి.

చంటిపిల్లల్ని ఈ చట్టంలోకి తెచ్చింది 1986లో. పుట్టినప్పటి నుంచి మూడేళ్ళ దాకా ఒక భాగం, మూడు నుంచి ఇంకో భాగం. ఈ రెండింటి మధ్య గోడే మూడో పుట్టినరోజు.

మూడు లోపల ఉన్నవాళ్ళకి టెక్సస్‌లో ఈసీఐ (అర్లీ చైల్డ్‌హుడ్ ఇంటర్వెన్షన్) అని ఉంది. ఇది బడిది కాదు, రాష్ట్ర ఆరోగ్యశాఖ నడిపేది. డాక్టరు చీటీ అక్కర్లేదు. తల్లి ఫోన్ చేయచ్చు, తాతయ్య చేయచ్చు, డేకేర్ టీచరు చేయచ్చు. పరీక్ష ఉచితం. ఆ పైన థెరపీకి ఆదాయాన్ని బట్టి కొంత కట్టాల్సి రావచ్చు. ఏదైనా ఒక విషయంలో 25 శాతం వెనకబడి ఉంటే చాలు. రెండేళ్ళవాడు పద్దెనిమిది నెలలవాడిలా ఉన్నాడంటే అది 25 శాతం. మాట్లాడటం ఒక్కటే ఆలస్యమై మిగతావన్నీ బాగుంటే మాత్రం 33 శాతం ఉండాలి. అంటే రెండేళ్ళవాడి మాట పదహారు నెలల దగ్గర ఆగి ఉండాలి. ఫోన్ చేసిన రోజు నుంచి నలభై ఐదు రోజుల్లో పరీక్ష చేసి, ప్లాన్ రాసి, మీతో కూర్చోవాలి.

ఈసీఐ మనిషి ఇంటికొస్తుంది. వచ్చి పెద్ద సంచీలోంచి బొమ్మలు తీసి పిల్లాడితో గంట ఆడి వెళ్తుందనుకుంటారు మనవాళ్ళు. అలా చేయకపోతే "ఏం చేసిందండీ, నాతో కబుర్లు చెప్పి పోయింది" అంటారు. ఆవిడ వచ్చింది మీకు నేర్పడానికి. స్నానం పోసేటప్పుడు చెంబు చూపించి ఒక్క క్షణం ఆగడం, వాడు మీవైపు చూశాకే నీళ్ళు పోయడం. పప్పన్నం కలిపి ముద్ద చేతిలో పట్టుకుని "ఇంకా?" అని ఎదురు చూడటం. వారానికోసారి వచ్చే మనిషి చేసే గంట కంటే, మీరు రోజుకి పది సార్లు చేసే అరనిమిషం ఎక్కువ.

మూడో పుట్టినరోజున ఈసీఐ ఆగిపోతుంది. దాని తరవాత ఒక్కరోజు కూడా ఉండదు. అందుకే దానికి కనీసం తొంభై రోజుల ముందు, మీరు ఒప్పుకుంటే, డిస్ట్రిక్టు వాళ్ళతో కలిపి ఒక సమావేశం పెట్టాలి. అర్హత ఉన్న పిల్లాడికి పుట్టినరోజు నాటికి ఐఈపీ, అంటే బడిలో వాడికి ఏ సాయం ఎలా ఇవ్వాలో రాసిన ప్లాన్, సిద్ధంగా ఉండాలి. పుట్టినరోజు వేసవిలో వస్తే క్లాసు ఎప్పుడు మొదలవ్వాలో మీటింగులో తేలుస్తారు, కాగితం మాత్రం ముందే తయారవ్వాలి. ఈసీఐలో ఉన్న పిల్లలకి ఈ దారంతా పరిచి ఉంటుంది. మాలాగా నెల ముందు మేలుకుంటే ఉండదు. మూడు నిండడానికి నలభై ఐదు రోజుల కంటే తక్కువుంటే ఈసీఐ పరీక్ష చేయాల్సిన పని కూడా లేదు, డిస్ట్రిక్టుకి పంపేస్తుంది. బడి రోజుల లెక్కలో వేసవి రాదు. జూన్, జులైలలో పుట్టిన పిల్లల తల్లులు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. మీరు మార్చిలోనే పని మొదలుపెట్టాలమ్మా. ఇప్పుడు ఏప్రిల్. కంగారు పడకండి, చివర్లో మీకే ఒక ఉత్తరం రాయిస్తా.

సరే, నాకు బాగా ఇష్టమైన విషయానికొస్తా. మన భాష.

"రెండు భాషల వల్ల మాటలు ఆలస్యం" అన్నది తప్పు. రెండు భాషలు వినడం వల్ల లాంగ్వేజ్ డిలే రాదు, ఆటిజం రాదు. ఆటిజం ఉన్న పిల్లలు కూడా రెండు భాషలు నేర్చుకుంటున్నారు. అయినా ఇప్పటికీ కొందరు డాక్టర్లు, కొందరు టీచర్లు "ఇంట్లో ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడండి" అని సలహా ఇస్తూనే ఉన్నారు. నేనూ ఆ సలహా పాటించా, దాదాపు ఏడాది. మా అత్తగారు ఆరు నెలలు ఉండటానికొచ్చారు. ఆవిడకి తెలుగు తప్ప రాదు. మనవడితో తెలుగు మాట్లాడకూడదన్నాం. ఆవిడ ఏం చేస్తుంది? మాట్లాడటం మానేసింది. ఇంట్లో వాడితో ఎక్కువ మాట్లాడే మనిషి నోరు మేమే మూయించాం. ఇక నా ఇంగ్లిష్ ఎలాంటిదంటే, ఆఫీసులో టెస్టింగ్ రిపోర్టు రాసిన ఇంగ్లిష్. దాంతో లాలి పాడలేం, అన్నం తినిపించేటప్పుడు చందమామని పిలవలేం.

పరీక్షలో తెలుగు ఎలా దెబ్బతింటుందో చూడండి. రెండేళ్ళకి యాభై మాటలైనా ఉండాలి, రెండేసి కలపాలి అని ఒక కొలత ఉంది. మీవాడు "నీళ్ళు" అంటాడు, "జూస్" అంటాడు, "బువ్వ" అంటాడు, "బాల్" అంటాడు. ఇంగ్లిష్‌వి మాత్రమే లెక్కేస్తే ఇరవై, రెండూ కలిపితే అరవై. రెండూ కలపాలి. అలాగే వాక్యం పొడవు. పిల్లాడు "వెళ్దామా" అన్నాడు, మనకి ఒక్క మాట. అదే ఇంగ్లిష్‌లో చెప్పాలంటే మూడు మాటలు కావాలి. నా క్లాసులో ఒక పిల్ల వాళ్ళ నాన్నతో "తిననన్నాగా!" అంది. అందులో క్రియ ఉంది, వద్దనడం ఉంది, ముందే చెప్పానన్న దెప్పు ఉంది. మాటలు లెక్కపెట్టే కాగితం మీద అది ఒకటి. నా లెక్కలో ఆ పిల్లకి ఆ రోజు వందకి వంద.

ఉచ్చారణ కూడా అంతే. మన పిల్లలు ఇంగ్లిష్ 'థింక్'ని మన థతో పలుకుతారు, వీ-డబ్ల్యూ కలిపేస్తారు. అది తేడా, లోపం కాదు. కానీ దీన్ని అడ్డం పెట్టుకుని అసలు సమస్యని దాచేయకండి. నిజంగా భాషలో ఇబ్బంది ఉంటే రెండు భాషల్లోనూ కనపడుతుంది. నా పరీక్ష ఒకటుంది, ఏ పుస్తకంలోనూ ఉండదు: తెనాలిలో ఉన్న అమ్మమ్మకి ఫోన్లో మనవడి తెలుగు అర్థమవుతోందా? తన ఈడు మనవలు ఇంకొకరుంటే వాళ్ళతో పోల్చి ఆవిడ ఏమంటోంది? మొహమాటం లేకుండా చెప్పమనండి. అమ్మమ్మలు సాధారణంగా మనకంటే ముందే కనిపెడతారు, మనం బాధపడతామని చెప్పరు.

పిల్లాడికి వచ్చిన భాషలో పరీక్ష చేయాలని చట్టమే చెబుతుంది. తెలుగు తెలిసిన థెరపిస్టులు వేళ్ళ మీద లెక్క, కాబట్టి దుబాసీని పెడతారు. కానీ మీ ఇంట్లో తెలుగు ఉందని డిస్ట్రిక్టుకి ఎలా తెలుస్తుంది? చేర్పించేటప్పుడు హోమ్ లాంగ్వేజ్ సర్వే అని ఒక కాగితం ఇస్తారు. అక్కడ మనవాళ్ళు ఎనభై మంది దాకా... లేదు, అంకె చెప్పను, నేను లెక్కపెట్టలేదు. చాలామంది "ఇంగ్లిష్" అని రాస్తారు. ఈఎస్‌ఎల్‌లో, అంటే ఇంగ్లిష్ రాని పిల్లల క్లాసులో, వేస్తారేమో, వెనకబడ్డవాడనుకుంటారేమో అని. ఆ ఒక్క అబద్ధంతో వాడి తెలుగు మొత్తం కాగితం మీద నుంచి మాయమైపోతుంది. పరీక్ష ఇంగ్లిష్‌లోనే జరుగుతుంది, రాని భాషలో వచ్చిన మార్కులు వాడి తెలివికి కొలత అవుతాయి. పైగా, నాలుగేళ్ళ పిల్లలకి ఇంగ్లిష్ మాట్లాడటం, అర్థం చేసుకోవడం రాకపోతే టెక్సస్‌లో ప్రీ-కే, అంటే కిండర్‌గార్టెన్‌కి ముందు క్లాసు, ఉచితం. అబద్ధం రాసి, దాన్ని పోగొట్టుకుని, నెలకి పదిహేను వందలు డేకేర్‌కి కట్టేవాళ్ళని నేనెరుగుదును. నిజం రాయండి.

ఇక మీటింగ్. మిగతా రాష్ట్రాల్లో ఐఈపీ మీటింగ్ అంటారు, టెక్సస్ వాళ్ళకి ప్రతిదీ వేరే పేరుండాలి కాబట్టి ఇక్కడ ఆర్డ్ అంటారు. బల్ల చుట్టూ ఆరుగురో ఏడుగురో ఉంటారు. స్పెషల్ ఎడ్ టీచరు, మామూలు క్లాసు టీచరు, పరీక్షలు చేసినవాళ్ళు, డబ్బూ మనుషులూ కేటాయించే అధికారం ఉన్న ఒక అడ్మినిస్ట్రేటరు, నాలాంటి థెరపిస్టు. మీరు అక్కడ అతిథులు కారు, ఆ కమిటీలో సభ్యులు. మనవాళ్ళు మాత్రం పెళ్ళిచూపులకి వెళ్ళినట్టు కూర్చుంటారు. టీచరుగారు చెప్పాక ఎదురు చెప్తామా అని. నాన్నలు లాప్‌టాప్ తెచ్చుకుని నోట్స్ రాస్తారు, ఒక్క ప్రశ్న అడగరు. అమ్మకి పిల్లాడి గురించి అన్నీ తెలుసు, ఇంగ్లిష్‌కి జంకి మాట్లాడదు. మా వైపు నుంచి పది నిమిషాలు వివరంగా చెబుతాం, ఆయన ఆవిడ వైపు తిరిగి "ఏం లేదు, బానే ఉందట" అంటాడు. దుబాసీ అడగండి. అది మీ హక్కు, ఖర్చు డిస్ట్రిక్టుది. ఐఈపీ అనువాదం విషయంలో మాత్రం తేడా ఉంది. స్పానిష్ వాళ్ళకి రాసైనా రికార్డు చేసైనా ఇచ్చి తీరాలి, మిగతా భాషలకి చిత్తశుద్ధితో ప్రయత్నించాలి అని ఉంది. అడిగితేనే ప్రయత్నిస్తారు.

పరీక్షల రిపోర్టు మీటింగుకి ముందే ఇవ్వమనండి. ముప్పై పేజీలు అక్కడికక్కడ చదవడం నావల్లే కాదు. లక్ష్యాలు చూడండి. "మాటలు మెరుగుపడతాయి" అన్నది లక్ష్యం కాదు, దీవెన. ఎప్పటిలోగా, ఎన్ని సార్లకి ఎన్ని సార్లు, ఎవరు కొలుస్తారు అని ఉండాలి. 2017లో సుప్రీం కోర్టు కొలరాడోలోని డగ్లస్ కౌంటీ కేసులో, ఆటిజం ఉన్న ఒక అబ్బాయి విషయంలో, జడ్జీలందరూ ఒక్క మాట మీద చెప్పారు: ఏదో కాస్త జరుగుతోందంటే సరిపోదు, ఆ పిల్లాడి పరిస్థితికి తగిన ప్రగతి వచ్చేలా ప్లాన్ ఉండాలి. ఇది బల్ల మీద గుద్ది చెప్పనక్కర్లేదు. మీకు తెలుసని వాళ్ళకి తెలిస్తే చాలు.

క్లాసు విషయంలో ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి. మామూలు పిల్లలు ఉన్నచోటే, సాయం పెట్టి కూర్చోబెట్టడానికి ఏం ప్రయత్నించారు? ప్రత్యేకమైన గది చివరి మాట కావాలి గానీ మొదటి మాట కాకూడదు. అలాగని మనవాళ్ళలో కొందరు ఆ గది పేరెత్తితేనే వద్దంటారు, అదీ తప్పే. మా వాడికి మొదటి ఏడాది ఎనిమిది మంది ఉన్న చిన్న గదే మేలు చేసింది. పాతికమంది మధ్య వాడు బల్ల కింద దూరేవాడు.

ఒప్పుకోకపోతే సంతకం దగ్గర "అంగీకరించను" అన్న గడి ఉంటుంది. పది బడి రోజుల్లోపు మళ్ళీ కూర్చోవాలి. వాళ్ళ పరీక్ష మీద నమ్మకం లేకపోతే బయటివాళ్ళతో, డిస్ట్రిక్టు ఖర్చు మీద, ఇంకో పరీక్ష అడగచ్చు. దానికి వాళ్ళు డబ్బివ్వాలి, లేదా తమ పరీక్ష సరైనదేనని విచారణలో నిరూపించుకోవాలి. మొదటిసారి సేవలు మొదలవ్వాలంటే మీ సంతకం ఉండాల్సిందే, తరవాత ఎప్పుడైనా వద్దనుకుంటే మానేయచ్చు. ఇది తెలిస్తే సగం భయం పోతుంది, ఎందుకంటే మనవాళ్ళు దీన్ని లోపలికెళ్తే బయటికి రాలేని తలుపు అనుకుంటారు.

భయాల గురించి నాలుగు మాటలు. ముద్ర పడుతుందని, రేపు కాలేజీకి తెలుస్తుందని. బడి రికార్డులు గోప్యం, మామూలుగా ఈ కాగితాలు కాలేజీకి పంపరు. వీసా భయం ఇంకోటి. 1982లో సుప్రీం కోర్టు, పిల్లలకి బడి చదువు ఇవ్వడానికి ఇమిగ్రేషన్ స్టేటస్ అడ్డం పెట్టకూడదంది. ఆ కేసు ఎక్కడిదో తెలుసా? టైలర్. మనకి తూర్పున గంటన్నర దూరం. అక్కడ కాగితాల్లేని పిల్లల కోసం పోరాడి తెచ్చిన తీర్పు అది. హెచ్-1 మీద పన్నులు కడుతూ మనం వణకడమేమిటి? ఇక, ఊళ్ళో తెలిస్తే చెల్లెలి పెళ్ళికి ఇబ్బంది అని ఒకాయన నాతో అన్నాడు. దానికి నా దగ్గర చట్టం లేదు.

ప్రశ్నలు అడగండి.

(ఒక తల్లి: మా బాబుకి ఆటిజం అని డాక్టరు రాసిచ్చారు, ఇన్సూరెన్సులో ఏబీఏకి, అంటే ఆటిజం పిల్లలకిచ్చే ప్రవర్తన థెరపీకి, వెళ్తున్నాం. ఇంకా బడి పరీక్ష ఎందుకు?)

రెండూ వేరమ్మా. డాక్టరు కాగితం వైద్యానికి, బడి పరీక్ష చదువుకి. డాక్టరు రాసినంత మాత్రాన ఐఈపీ దానంతటదే రాదు. డాక్టరు రాయకపోయినా బడి అర్హత ఇవ్వచ్చు. రిపోర్టు ఇవ్వండి, వాళ్ళు దాన్ని చూడాలి. ఆటిజం అనగానే మీరొక్కరే అనుకోకండి, 2025లో సీడీసీ అనే ఫెడరల్ ఆరోగ్య సంస్థ ఇచ్చిన లెక్కలో ఎనిమిదేళ్ళ పిల్లల్లో 31 మందిలో ఒకరు.

(ఒక తండ్రి: ప్రాజెక్టు అయిపోతే నార్త్ కరోలినా వెళ్ళాలి. ఐఈపీ పోతుందా?)

పోదు. కొత్త డిస్ట్రిక్టు తన పరీక్ష తను చేసుకునేదాకా ఇక్కడున్నదానికి సరితూగే సేవలు ఇవ్వాలి. ఫైలు మాత్రం విమానంలో చేతి సంచీలో పెట్టుకోండి, మూవర్స్‌కి ఇవ్వకండి. బడి నుంచి బడికి కాగితాలు చేరేసరికి మీ పిల్లాడికి ఇంకో పుట్టినరోజు వస్తుంది.

(ఒక పెద్దాయన: ఇండియా వెళ్ళిపోదామనుకుంటున్నారు మా అమ్మాయి వాళ్ళు. అక్కడ ఏమైనా ఉందాండీ?)

ఉందండి. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యమున్నవాళ్ళ కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది, ఇప్పుడు దాన్ని ఎన్ఐఈపీఐడీ అంటారు, మన రెండు రాష్ట్రాలవాళ్ళకీ అదే పెద్ద దిక్కు. వైకల్యమున్నవాళ్ళ హక్కుల గురించిన 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలని గుర్తించారు, ఆటిజం కూడా అందులో ఉంది. ప్రభుత్వ బడుల వైపు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, అక్కడ మంచి టీచర్లని చూశాను. కానీ ఇక్కడిలా నలభై ఐదు రోజుల గడువు చూపించి అడిగే వీలు తక్కువ. అక్కడ మనుషుల్ని పట్టుకోవాలి, ఇక్కడ తేదీని పట్టుకోవాలి. వెళ్ళే ముందు పరీక్షలన్నీ ఇక్కడే పూర్తి చేయించుకుని వెళ్ళమనండి.

గజ్జెలు ఆగాయి, క్లాసు అయిపోయినట్టుంది. మనకీ హాలు పది నిమిషాలే. జూన్, జులై తల్లులు, పెన్నులు తీయండి. ఇంగ్లిష్‌లో మీరు రాసుకోండి, నేను తెలుగులో చెబుతా. మీ డిస్ట్రిక్టు స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టరుకి. మా పిల్లాడి పేరు ఇది, పుట్టిన తేదీ ఇది, ఇంటి అడ్రసు ఇది. ఇంట్లో తెలుగు మాట్లాడతాం. మాకున్న అనుమానాలు ఇవి. ఇక్కడ మూడు నాలుగు వాక్యాలు చాలు, పిలిస్తే పలకడు, రెండు మాటలు కలపడు, ఇలా చూసింది చూసినట్టు రాయండి, రోగం పేరు మీరు పెట్టకండి. ఐడియా చట్టం కింద స్పెషల్ ఎడ్యుకేషన్ కోసం పూర్తి పరీక్ష చేయమని రాతపూర్వకంగా కోరుతున్నాం. పరీక్షలకీ మీటింగుకీ తెలుగు దుబాసీ కావాలి. కింద ఇద్దరి సంతకాలు. ఈమెయిల్ చేసినా చెల్లుతుంది, ఒక కాపీ మీరు ఉంచుకోండి. రేపు పొద్దున పంపితే మే మొదటి వారానికల్లా జవాబు రావాలి, బడులు మూయడానికి ముందే.

పైన కుడివైపు తేదీ వేయండి. ఇవాళ ఆదివారం, రేపటి తేదీ వేసుకోండి. ఆ వెనకాల పచ్చచీర అమ్మాయీ, నువ్వు రాసుకోవట్లేదేం? పెన్ను లేదా? ఇదిగో, ఇది తీసుకో.